చెరపని గడులు

అనగనగా ఒక నేతగాళ్ళ ఊరు ఉండేదమ్మా. పొద్దున లేస్తే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. టకటక, టకటక. కానీ ముసురు పట్టిందా, అంతే. నూలు తేమ పీల్చుకుని పోగులు పుటుక్కుమని తెగిపోతాయి. అప్పుడు మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఊరు ఊరంతా నోరు మూసుకున్నట్టు ఉంటుంది.

దుప్పటి కప్పుకో. ఇది అట్లాంటి ముసురులో జరిగిన కథ.

ఆ ఊళ్ళో చివరింట్లో భద్రావతి అని ఒక పిల్ల. దానికో తమ్ముడు, మార్కండేయులు. అంత పేరు నోరు తిరగక అందరూ మార్కండూ అనేవాళ్ళు. వాడికింకా పాలపళ్ళు ఊడలేదు. ఇంట్లో వాళ్ళ నాయనమ్మ కూడా ఉండేది. ఆవిడకి చూపు ఆనదు. చేత్తో తడిమి అన్నీ చెప్పేసేది.

అమ్మా నాన్నా నేసిన చీరలు ఇచ్చి నూలు తెచ్చుకోడానికి పక్క ఊరు వెళ్ళారు. వెళ్ళాక వాగు పొంగింది. వాళ్ళు అవతలే ఉండిపోయారు.

ఆ ఇంట్లో గుంట మగ్గం. నువ్వు చూళ్ళేదు కదూ? నేలలో గుంట తవ్వుతారు. అందులో కాళ్ళు పెట్టుకుని, గట్టు మీద కూచుని నేస్తారు. మగ్గం ఆడినన్నాళ్ళూ ఆ గుంటలో నాన్న కాళ్ళు ఉంటాయి. మగ్గం ఆగితే గుంటలో ఉత్త చీకటే ఉంటుంది.

ఇల్లంతా కారుతోంది. మగ్గం పక్కన ఒక్కచోటే నేల పొడిగా ఉంది. అక్కడే కూచుని భద్ర సుద్దతో గడులు గీసింది. అటు ఐదు, ఇటు ఐదు. ఆ ఊరి పిల్లలు దాన్ని బూచాట అనేవాళ్ళు.

ఎట్లా ఆడతారంటే, నాలుగు పక్కలా నాలుగు ఇంటి గడులు. వాటి మీద ఇంటూ గుర్తు వేస్తారు. ఇంటి గడిలో ఉన్న కాయని ఎవరూ ఏమీ చెయ్యకూడదు. నడిమధ్య గడి నట్టిల్లు. నిలువునా చీల్చిన నాలుగు చింతపిక్కలు నేల మీద వేసి, ఎన్ని తెల్లగా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ. చెమ్మ పడితే ఇంకోసారి వెయ్యొచ్చు. వెనకాలే ఒక బొగ్గు ముక్క తరుముతుంది. అది బూచి. పిక్కలు పడ్డప్పుడల్లా ఒక గడి ముందుకి వస్తుంది. అది పట్టేలోపల ముందు నట్టింట్లోకి చేరినవాళ్ళు గెలిచినట్టు.

కానీ ఊరికే చేరడానికి లేదు. దారిలో ఎవరి కాయనైనా ఒక్కసారి చంపి ఉండాలి. చంపితేనే నట్టింటి తలుపు తెరుచుకుంటుంది. చచ్చిన కాయ తన ఇంటి గడికి పోయి మళ్ళీ మొదలెట్టాలి.

భద్ర కాయ ఒక గవ్వ. మార్కండు కాయ ఆకుపచ్చ గాజుముక్క, అమ్మ చేతి గాజుది. మిగతా రెండు ఇళ్ళూ ఖాళీ.

ఆ రోజు భద్ర వాణ్ణి ఒకసారి చంపింది. వాడు మూతి ముడిచాడు. రెండోసారి చంపింది. వాడు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. మూడోసారి పిక్కలు వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"చంపొద్దే అక్కా. ఈ ఒక్కసారికీ."

"ఆటలో జాలేంట్రా ఏడుపుగొట్టూ? నువ్వు చంపు నన్ను, ఎవరొద్దన్నారు?"

"నేను చంపను."

"అయితే నువ్వెప్పటికీ నట్టింట్లోకి రాలేవు. గుమ్మం ముందే ఉండు ముష్టివాడిలాగా!"

అని పిక్కలు వేసి, టక్కున గవ్వతో గాజుముక్కని కొట్టింది. వాడు బావురుమన్నాడు. అది పగలబడి నవ్వింది.

అప్పటికి దీపాల వేళయింది. భద్ర గవ్వ నట్టింటికి ఒక్క గడి దూరంలో ఉంది. ఇంతలో నాయనమ్మ లోపల్నించి పిలిచింది. "చాల్లే, లేవండి. లేచేముందు గడులు తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఆట చెరపకుండా లేవకూడదు."

ఆ ఊళ్ళో అదొక కట్టడి. ఆట అయినా, అవకపోయినా, లేచేముందు గీతలు చెరిపేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. పెద్దవాళ్ళు చెప్పారు, చేస్తారు.

భద్రకి మనసొప్పలేదు. ఒక్క గడి! రేప్పొద్దున ఒక్క పిక్క తెల్లగా పడితే చాలు, గెలుస్తుంది. అప్పుడేం చేసిందంటే, గడుల మీద పెద్ద గంప బోర్లించింది. "తుడిచేశా నాయనమ్మా" అంది.

గుంటలో చీకటి ఆ మాట విన్నది.

ఆ తర్వాత తెల్లారింది. తెల్లారిందన్న మాటే గానీ వెలుగు లేదు. భద్ర చూరు కింద బిందె పెట్టి వాననీళ్ళు పట్టుకుని లోపలికి వచ్చింది. వస్తే ఏముంది, గంప పక్కకి దొర్లి ఉంది. తమ్ముడు లేడు.

"మార్కండూ!" అని పిలిచింది. పలకలేదు. మంచం కింద చూసి పిలిచింది. పలకలేదు. గుంటలోకి వంగి పిలిచింది. ఆరిపోయిన పొయ్యి వాసన గుప్పున కొట్టింది గానీ, పలకలేదు.

అప్పుడు గడుల వైపు చూసింది. ఒక ఖాళీ ఇంటి గడిలో ఆకుపచ్చ గాజుముక్క. దాన్నెవరూ అక్కడ పెట్టలేదు. అది వణుకుతోంది. దాని వెనక గడిలో బొగ్గు. రాత్రి వేలంత ఉన్న బొగ్గు, ఇప్పుడు పిడికిలంత ఉంది.

"నాయనమ్మా!" అని అరిచింది భద్ర. ఆ కేకకి ముసలావిడ గోడ పట్టుకుని వచ్చింది. కూలబడి, చేత్తో నేల తడిమింది. సుద్ద చేతికి అంటుకుంది.

"తుడవలేదుటే?"

భద్ర తల వంచుకుంది. "లేదు నాయనమ్మా. ఒక్క గడిలో గెలుస్తాననీ..."

నాయనమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది భద్రకి. ఆవిడ గాజుముక్క మీద వేలు పెట్టి, "ఉన్నాడు. వెచ్చగానే ఉన్నాడు" అంది. "పిచ్చివాడు, వాళ్ళమ్మ గాజు తీసుకోబోయుంటాడు. ముట్టుకోగానే లాగేసింది."

"నువ్వు కాయ పెట్టి తీసుకురా నాయనమ్మా!"

"సగం ఆటలో కొత్త కాయ దిగకూడదు తల్లీ. దిగాల్సింది నువ్వే. నీ గవ్వ వాడికంటే ముందుకి పోయి ఉంది. ఈ ఆటలో వెనక్కి నడవడం లేదు. దాన్ని తీసెయ్యి. మొదటికొచ్చి మళ్ళీ మొదలెట్టు."

నట్టింటికి ఒక్క గడి దూరంలో ఉన్న గవ్వని భద్ర తీసింది. దానికోసమే కదా అబద్ధం ఆడింది. తీసి తన ఇంటి గడిలో పెట్టి, మీద వేలు ఆనించింది.

"పిక్కలు నేనేస్తా" అంది నాయనమ్మ. "లోపల ఎవరు పిలిచినా..."

మిగతా మాట వినబడలేదు. నేల మెత్తబడి భద్రని మింగేసింది.

భయమేస్తోందా? నా చెయ్యి పట్టుకో. పట్టుకున్నావు కదా, ఇంక విను.

లోపల గడి అంటే గది అంత ఉంది. సుద్దగీతలు మోకాలెత్తు తెల్లటి గట్లు. ఆకాశం లేదు. పైన ఎక్కడో నాయనమ్మ మొహం, మబ్బు చాటు చంద్రుడిలాగా. దూరంగా ఇంటూ గుర్తు నడుమ మార్కండు ముడుచుకుని కూచున్నాడు.

వాడి వెనకున్న నల్లటిది అక్కడ్నించి లేచింది. దానికి మొహం లేదు. చేతులు ఉన్నాయో లేదో తెలీదు. నడిచినచోటల్లా నేల మసి అవుతోంది. అది మెల్లిగా చుట్టూ తిరిగి భద్ర వెనక చేరింది. చేరి, మంచి మాటలాగానే చెప్పింది.

"పరుగెత్తు తల్లీ. నట్టింట్లోకి పో. అక్కడైతే నేను నిన్నేం చెయ్యలేను."

భద్ర దానికి పలకలేదు. "తమ్ముడూ!" అని కేకేసింది.

మార్కండు తలెత్తాడు. "అక్కా, నట్టింట్లోకి పోదామంటే అది తలుపు తియ్యట్లేదు. ఎవర్నైనా చంపి రమ్మంటోంది. నేను చంపనన్నా."

ముష్టివాడిలాగా గుమ్మం ముందే ఉండమంది భద్రే. ఆ ఉండడమే వాణ్ణి ఇప్పటిదాకా కాపాడింది.

ఇంటికెట్లా పోవడం? వెనక్కి నడవకూడదు. ముందుకి పోతే నట్టిల్లు. పక్కకి దారి లేదు. భద్ర ఆలోచించింది, ఆలోచించింది. అప్పుడు నిన్న సాయంత్రం తన చేత్తో మూడుసార్లు చేసిన పనే గుర్తొచ్చింది. చచ్చిన కాయ ఎక్కడికి పోతుంది? బొగ్గు నోట్లోకి కాదు. నట్టింట్లోకీ కాదు. తన ఇంటికి పోతుంది.

"మార్కండూ, ఆ ఇంటి గడిలోంచి బయటికి రా."

"వస్తే నువ్వు చంపుతావు."

"అవున్రా. చంపుతాను."

వాడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు.

"చంపితేనే ఇంటికి పోతావు. నాయనమ్మ దగ్గిరికి. నేనెప్పుడూ నిన్ను ఏడిపించడానికే చంపాను. ఈసారి అందుకు కాదు. నామీద ఒట్టు."

నల్లటిది నవ్వింది. "నమ్మకురా బాబూ. మీ అక్క నిన్నెన్నిసార్లు చంపలేదూ?"

మార్కండు ముక్కు తుడుచుకున్నాడు. లేచాడు. "నువ్వు నోర్ముయ్. మా అక్కతో మాట్లాడుతున్నా" అన్నాడు.

అప్పుడు పైనుంచి ఉరుము ఉరిమినట్టు పిక్కలు పడ్డాయి. రెండు తెల్లవి. వాడు రెండు గట్లు దాటి, ఏ గుర్తూ లేని గడిలో ఒంటరిగా నిలబడ్డాడు. మళ్ళీ ఉరిమింది. భద్రకి చెమ్మ పడింది. నాలుగు గట్లు దూకి, తమ్ముడు విడిచిన ఇంటి గడిలోకి వచ్చింది. మసి భద్ర వెనకాలే వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి పిక్కలు. రెండు.

భద్ర రెండు గట్లు దూకి తమ్ముణ్ణి కౌగిలించుకుంది. వాడు "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచాడు. మరుక్షణం దాని చేతుల్లో ఏమీ లేదు.

పైన నాయనమ్మ గొంతు, ఏడుస్తూ, "వచ్చాడే! వచ్చాడే భద్రా!"

వాడు వెళ్ళాడు. మరి ఈ పిల్ల? లోపల మిగిలింది అదొక్కతే. వెనక మూడు గడుల దూరంలో నల్లటిది. ఎదురుగా, ఇందాకటిదాకా మూసున్న నట్టింటి తలుపు బార్లా తెరుచుకుంది. ఇప్పుడు చంపింది కదా మరి.

లోపల్నించి దీపం వెలుగు. వేడి అన్నం వాసన. మగ్గం చప్పుడు, టకటక, నాన్న నేసినట్టే. ఆ తర్వాత అమ్మ గొంతు. "భద్రా, అన్నం చల్లారిపోతోంది. రావే."

భద్ర ఒక కాలు ఎత్తింది. అప్పుడు ఆ గుమ్మంలోంచి ఇంకో గొంతు వినబడింది. చిన్నపిల్ల గొంతు, సన్నగా. "అక్కా, నేను కూడా గెలిచాను. గెలిచి ఎన్నాళ్ళయిందో తెలీదు. ఇంతవరకూ నన్నెవరూ అన్నానికి పిలవలేదు."

ఎత్తిన కాలు దించేసింది. గుమ్మం లోపలికి చూసింది. అన్నం లేదు, దీపం లేదు. నేలంతా కాయలు. గాజుముక్కలు, చింతపిక్కలు, చొక్కా గుండీలు. ఒక గవ్వకి ఎర్ర దారం కట్టి ఉంది. అన్నీ గెలిచినవాళ్ళవి. వెనకున్న నలుపూ, లోపలున్న నలుపూ ఒకటే.

"మార్కండూ!" అని గొంతు చించుకుని అరిచింది. "నన్ను చంపరా!"

పైన ఆ పిల్లాడు గాజుముక్క పట్టుకుని వెక్కుతున్నాడు. "చంపను. అక్కని చంపను."

నాయనమ్మ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. "నేను వెయ్యడానికి లేదు నాన్నా. బయట ఉన్నవాళ్ళ కాయకి వాళ్ళే వేసుకోవాలి. చచ్చిన కాయ ఎక్కడికి పోతుందిరా?"

"ఇంటికి."

"నిన్ను అక్క చంపితే నువ్వెక్కడికొచ్చావు?"

వాడు చుట్టూ చూశాడు. కారుతున్న చూరు, పొగచూరిన గోడ, నాయనమ్మ నలిగిన చీర. "ఇంటికి" అన్నాడు.

"మరి అక్కని ఎక్కడికి తెచ్చుకుంటావు?"

అప్పుడు వాడు పిక్కలు అందుకున్నాడు. వేశాడు. మూడు. గాజుముక్కని మూడు గడులు జరిపాడు. బొగ్గు ఒక గడి జరిగింది. భద్ర వంతు నాయనమ్మ వెయ్యకుండా వదిలేసింది, వాడే రెండోసారి వేశాడు. మళ్ళీ మూడు. బొగ్గు ఇంకో గడి జరిగింది. లోపల భద్ర వీపుకి మసి తగులుతోంది. ముందు నించి అమ్మ గొంతు పిలుస్తూనే ఉంది. ముందుకి పోకుండా, వెనక్కి చూడకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది.

"ఎంత పడాలి నాయనమ్మా?"

నాయనమ్మ వేళ్ళతో గడులు తడిమింది. "చెమ్మ నాన్నా. చెమ్మే పడాలి."

మార్కండు పిక్కల్ని గుప్పిట్లో పెట్టుకుని ఊదాడు. మూడోసారి వేశాడు. ఒకటి తెల్లగా పడింది. రెండోది తెల్లగా పడింది. మూడోది తెల్లగా పడింది. నాలుగోది గిరగిరా తిరిగి, తిరిగి, గుంట అంచు దాకా పోయి ఆగింది. నాయనమ్మ పాకుతూ వెళ్ళి దాని మీద వేలు పెట్టింది. నున్నగా లేదు. గరుకుగా ఉంది. చీల్చిన వైపు, తెల్లవైపు.

"చెమ్మ!"

మార్కండు కళ్ళ నీళ్ళతోనే గాజుముక్క ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో గడిలో గవ్వని టక్కున కొట్టాడు.

భద్ర మగ్గం గట్టు పక్కన దబ్బున పడింది. చలికి వణుకుతోంది. వీపంతా మసి. మార్కండు దాని మీద పడి, "చంపేశానే అక్కా, చంపేశాను" అని ఒకటే ఏడుపు. అది వాడి తల నిమురుతూ, "బాగా చంపావురా" అంది.

ఆ తర్వాత నాయనమ్మ తడిగుడ్డ అడిగింది. భద్ర తెచ్చింది. తుడవబోయి ఆగింది.

"నాయనమ్మా, లోపల చాలామంది ఉన్నారు. గెలిచినవాళ్ళు. ఒక గవ్వకి ఎర్ర దారం కట్టుంది."

నాయనమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మా చెల్లెలిది" అంది. "దానికి అన్నిట్లో గెలవాలి. చిన్నప్పుడే పోయింది. వాగులో పడిందన్నారు."

"దాన్ని కూడా చంపేద్దాం నాయనమ్మా" అన్నాడు మార్కండు. "ఇంటికొచ్చేస్తుంది."

"నట్టింట్లో ఉన్న కాయని ఎవరూ చంపలేరు నాన్నా. ఆట నేమం అదే."

ఆవిడ ఒక గిన్నెలో ఇంత అన్నం పెట్టించింది. గడుల నడుమ ఉంచింది. "చెల్లీ, అన్నం తిందువు రావే" అని ఒక్కసారి పిలిచింది. పిల్లల్ని ఏడవొద్దని చెప్పి తనే ఏడ్చింది. ఆ తర్వాత గిన్నె తీసి, గీతలన్నీ తన చేత్తో తుడిచింది. ఒక్క గీత మిగల్లేదు. బొగ్గుని వానలో వేస్తే నల్లగా కరిగి పోయింది.

వాగు తగ్గి అమ్మా నాన్నా వచ్చారు. ఎండ కాసింది. నాన్న గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం ఆడించాడు. అయినా ముసురు పట్టి మగ్గం ఆగినప్పుడల్లా, ఆ గుంటలోంచి ఎవరో పిక్కలు వేస్తున్న చప్పుడు వచ్చేది. అట్లాంటప్పుడు భద్ర గుంట గట్టు మీద దీపం పెట్టి, ఒక ముద్ద అన్నం ఉంచి, రమ్మని పిలిచేది. ఎవరూ రాలేదు. అయినా పిలవడం మానలేదు.

ఆ అక్కాతమ్ముళ్ళు మళ్ళీ ఆడుకున్నారా అంటావా? ఆడుకున్నారు, పిల్లలు కదా. కాకపోతే భద్ర వాణ్ణి చంపినప్పుడు నవ్వేది కాదు. వాడు చచ్చినప్పుడు ఏడ్చేవాడు కాదు. రెండు చేతులూ ఎత్తి, "ఇంటికొచ్చేశా!" అని అరిచేవాడు. ఆట అవగానే ఇద్దరూ తడిగుడ్డ చెరో కొసా పట్టుకుని తుడుస్తూ ఇట్లా పాడేవాళ్ళు. నువ్వూ నాతో అను, మెల్లిగా.

గీతా గీతా చెరిగిపో,
గడీ గడీ కరిగిపో.
పిక్కా పిక్కా బుట్టలోకి,
బూచీ బూచీ గుంటలోకి.
అక్క వచ్చె, తమ్ముడొచ్చె,
అన్నం గిన్నె ముందుకొచ్చె.
రాని పిల్లకు దీపం పెట్టు,
వచ్చిన కంటికి నిద్దర పట్టు.

కథ తన దారిన కంచికి పోయింది. మనం ఎక్కడికీ పోలేదు తల్లీ, ఇంట్లోనే ఉన్నాం. పడుకో.